పల్లె చర్చిలో పల్లవి, అనుపల్లవి

శ్రమదినాల మధ్యాహ్నాలలో వినవచ్చే రాగాలు నిలుస్తాయా?

మోపిదేవి: మాగాణుల్లో మినుము పీకి కుప్పలు వేసే రోజులు. ఎండ నడినెత్తి మీద ఉంటుంది. కాలువ గట్ల మీద మనిషి అలికిడి ఉండదు. అటువంటి మధ్యాహ్నం వేళ దివిసీమ పల్లెల్లో చర్చి గంట మోగుతుంది. చాపల మీద ఒక పక్క ఆడవారు, ఒక పక్క మగవారు కూర్చుంటారు. హార్మోనియం శ్రుతి అందుకుంటుంది. డోలక్ దానికి తోడవుతుంది. ఒకరు పల్లవి ఎత్తుకుంటే సంఘమంతా దాన్ని తిరిగి పాడుతుంది.

గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు గంటలకు ప్రారంభమైన ఆరాధన మూడు గంటల దాకా సాగుతుంది. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలకు ఏడు ప్రసంగాలు ఉంటాయి. ఒక్కొక్క ప్రసంగానికి ముందో, వెనకో ఒక కీర్తన పాడతారు. అంతకు ముందు నలభై రోజుల పాటు, భస్మ బుధవారం మొదలుకొని, ఇళ్ళలో జరిగే ప్రార్థన కూటాల్లోనూ ఈ శ్రమ కీర్తనలే వినిపిస్తాయి. మట్టల ఆదివారం నాడు తాటి మట్టలు చేతపట్టుకుని వీధుల వెంట పాడుకుంటూ నడుస్తారు.

మూడు గంటల సేపు రాగతాళాలతో సాగే ఇటువంటి కార్యక్రమాన్ని పట్నాల్లో కచేరీ అంటారు. ఇక్కడ ఎవరూ ఆ పేరు పెట్టరు. పాడేవారు గాయకులు కారు. వారిలో ఎక్కువ మంది పొద్దున పొలం పనికి పోయేవారే. అయినా వారు పాడే పాటల్లో ఆనందభైరవి ఉంది, ముఖారి ఉంది, నాదనామక్రియ ఉంది. కర్ణాటక సంగీతం అంటే తమకు తెలియదని చెప్పేవారే ఆ సంగీతాన్ని తరతరాలుగా మోసుకుంటూ రావడం విశేషం.

పుస్తకం తెరిస్తే

తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో బైబిలు పక్కన ఉండే మరొక పుస్తకం ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’. అట్టలు ఊడినా, కాగితాలు పసుపు రంగుకు తిరిగినా దాన్ని పారవేయరు. ఆ పుస్తకంలో ఏ పాట తీసినా పైన రాగం పేరు, తాళం పేరు అచ్చు వేసి ఉంటాయి. కాంభోజి, శంకరాభరణం, సావేరి, బిలహరి, మోహన, తోడి వంటి పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఆది, రూపకం, త్రిపుట, చాపు తాళాలు కనిపిస్తాయి. దాని కింద పల్లవి, ఆ తర్వాత అనుపల్లవి, ఆపైన చరణాలు. ప్రతి చరణం చివర పల్లవి మొదటి మాట వేసి, మళ్ళీ పల్లవికి రావాలని గుర్తు చేస్తారు.

త్యాగరాజస్వామి కీర్తనల పుస్తకం కూడా ఇలాగే ఉంటుంది. దేవుడి పేరు వేరైనా పాట కట్టుబడి ఒక్కటే.

ఈ ఒరవడి దానంతట అది వచ్చింది కాదు. తొలినాళ్ళలో ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు తమ దేశపు పాటలను తెలుగు చేయించి, అక్కడి వరుసల్లోనే పాడించేవారు. తెలుగు మాటలోని గురులఘువులకూ ఆ వరుసలకూ పొత్తు కుదిరేది కాదు. దీర్ఘం ఉన్నచోట పాట పరుగెత్తేది. పొట్టి అక్షరం దగ్గర ఆగి సాగేది. ఆ చిక్కును తొలగించిన వారిలో ముందు చెప్పుకోవలసినవారు పురుషోత్తమ చౌదరి (1803–1890).

పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయన 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. తర్వాత బోధకుడుగా జీవించారు. ఛందస్సు తెలిసిన కవి కావడం వల్ల శతకాలు రాశారు. వాటికంటే ఎక్కువగా జనం నోట నిలిచినవి ఆయన కీర్తనలు. ప్రజల చెవికి అప్పటికే అలవాటైన రాగాల్లో ఆయన క్రీస్తు కథను ఇమిడ్చారు. వీధి భాగవతం, యక్షగానం, తోలుబొమ్మలాట చూసిన జనానికి ఆనందభైరవి కొత్త కాదు. పేరు తెలియకపోయినా ఆ వరుస వారికి తెలుసు. అందువల్లనే ఆ కీర్తనలు చదువు రానివారికి కూడా ఇట్టే పట్టుబడ్డాయని చెప్పుకోవచ్చు.

అంతకు ముందే తమిళ దేశంలో ఇటువంటి ప్రయత్నం జరిగింది. తంజావూరు వేదనాయకం శాస్త్రి (1774–1864) క్రైస్తవ కీర్తనలను కర్ణాటక పద్ధతిలో రచించారు. త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారులో పాడుతున్న కాలమే అది. తర్వాత అదే తంజావూరులో అబ్రహాం పండితర్ (1859–1919) అనే క్రైస్తవ విద్వాంసుడు సంగీత సదస్సులు జరిపించి, 1917లో ‘కరుణామృత సాగరం’ అనే పెద్ద సంగీత గ్రంథాన్ని వెలువరించారు.

బందరు నుంచి దివికి

కృష్ణా డెల్టాలోకి ఈ పాట వచ్చిన తోవ బందరుది. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు మిషనరీలు బందరు రేవులో దిగారు. 1843లో నోబుల్ ప్రారంభించిన పాఠశాలే తర్వాత నోబుల్ కళాశాల అయింది. ఫాక్స్ 1848లోనే మరణించారు. నోబుల్ 1865లో బందరులోనే కన్నుమూశారు. తర్వాతి దశాబ్దాల్లో కాలువల వెంట, లంకల వెంట పల్లెల్లో సంఘాలు ఏర్పడ్డాయి. తాటాకు కప్పుతో మొదలైన చర్చిలు పెంకుటిళ్ళయ్యాయి, తర్వాత డాబాలయ్యాయి.

1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఈ విషయంలో మరో అడుగు ముందుకు వేశారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయన. తెలుగు సంఘాలు తెలుగు పాటనే పాడాలని, కోలాటం వంటి పల్లె కళలను వదులుకోనక్కరలేదని ఆయన ప్రోత్సహించారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథీడ్రల్‌ను చూసినవారికి గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు ఒకే కట్టడంలో కనిపిస్తాయి. పాట విషయంలోనూ ఆయన కోరుకున్నది అదే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. తర్వాత ఈ ప్రాంతపు సంఘాలు కృష్ణా-గోదావరి డయాసిస్ కిందికి వచ్చాయి. కీర్తనల పుస్తకం మాత్రం మారలేదు.

ఏటి గట్టున గురుకులం

ఇదే మోపిదేవి మండలంలో, కృష్ణ ఒడ్డున, పెదకళ్ళేపల్లి ఉన్నది. దుర్గా నాగేశ్వరస్వామి గుడికి, శివరాత్రి తిరునాళ్ళకు పేరుపడ్డ గ్రామం. సంగీతం తెలిసినవారికి ఆ ఊరి పేరు మరొక కారణంగా పూజ్యం. త్యాగరాజస్వామి శిష్యుడు, బంధువు అయిన మానాంబుచావడి వెంకటసుబ్బయ్య వద్ద విద్య నేర్చిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి ఈ ఊరివారు. ఆయన తిరిగి వచ్చి శిష్యులకు పాఠం చెప్పారు. కావేరి ఒడ్డున పుట్టిన సంప్రదాయం ఆ విధంగా కృష్ణ ఒడ్డున వేళ్ళూనింది.

ఆయన శిష్యులలో ముఖ్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు (1883–1951). వారిది ఈ ఏటిగట్టునే ఉన్న శ్రీకాకుళం గ్రామం. పంతులుగారు బెజవాడలో ఉండి చెప్పిన పాఠాన్ని అందుకున్న బాలుడే తర్వాత దేశమంతటా పేరు పొందిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016). త్యాగరాజస్వామి నుంచి లెక్కిస్తే బాలమురళి ఐదవ తరం. ఆ గొలుసులో నడిమి కొలికి పెదకళ్ళేపల్లి.

దక్షిణామూర్తి శాస్త్రిగారి మనుమడు, అదే పేరు గల సుసర్ల దక్షిణామూర్తి (1921–2012) సినిమాలకు సంగీతం సమకూర్చారు. ‘సంతానం’ (1955), ‘నర్తనశాల’ (1963) ఆయన చేతి చలవే. ‘శంకరాభరణం’ (1980) పాటలు రాసిన వేటూరి సుందరరామమూర్తి (1936–2010) పుట్టింది కూడా పెదకళ్ళేపల్లిలోనే. కొద్ది దూరంలోనే క్షేత్రయ్య మొవ్వ, సిద్ధేంద్రయోగి కూచిపూడి ఉన్నాయి. గుడివాడ దగ్గర చౌటపల్లిలో ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో పుట్టారు. ఇంత సంగీతం పండిన నేల ఆంధ్రదేశంలో అరుదు.

ఒకే రాగం, రెండు వీధులు

అయితే ఒక సంగతి దాచిపెట్టడానికి వీల్లేదు. అగ్రహారంలో అరుగు మీద సాగిన పాఠం వాడలోని పిల్లవాడికి అందేది కాదు. నాగేశ్వరస్వామి గుడిలో పాట వినాలన్నా అతడు ప్రాకారం బయట నిలబడవలసిన కాలం అది. డెల్టాలోని క్రైస్తవ సంఘాల్లో అత్యధికులు దళితవాడలవారే. సంగీతం వారికి గురువు ద్వారా రాలేదు. పుస్తకం ద్వారా, బోధకుడి గొంతు ద్వారా వచ్చింది. అరుగు మీద కాంభోజి రాగం వర్ణంతో మొదలై కృతి దాకా పోయింది. వాడలో అదే కాంభోజి కీర్తనతో మొదలై కీర్తనతోనే ఆగింది. సరళీస్వరాలు లేవు, ఆలాపన లేదు. అయినా రాగం వచ్చింది.

సంగీతం గోడలు దాటిన సందర్భాలు మన చరిత్రలో తక్కువేమీ కాదు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) శ్రీరంగంలో స్థిరపడి నాదస్వర విద్వాంసుడుగా దేశవిదేశాల్లో మన్నన పొందారు. కర్ణాటక కచేరీలో ఈనాడు తప్పనిసరి అయిన వయొలిన్ సైతం ఐరోపా నుంచి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన శ్రుతికి మలచినవారిలో ప్రథములు. చర్చి వాద్యం కచేరీకి వచ్చింది. కచేరీ రాగం చర్చికి పోయింది. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది.

శ్రమదినాల మధ్యాహ్నాన్ని పాటతో నింపడం ఇక్కడివారికే పరిమితం కాదు. 1727లో గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం జర్మనీలోని లైప్‌జిగ్ చర్చిలో బాఖ్ రచించిన ‘మత్తయి సువార్త శ్రమ గానం’ మొదటిసారి వినిపించింది. 18వ శతాబ్దం చివర స్పెయిన్‌లోని కాదిజ్ పట్టణపు చర్చి కోరిక మీద హైడన్ ఏడు మాటలకు ఏడు వాద్య రచనలు చేశారు. ఒక మాట మీద ప్రసంగం అయిన తర్వాత ఒక రచన వాయించేవారు. దివిసీమ పల్లెలో డోలక్‌తో జరుగుతున్నది సరిగ్గా అదే పద్ధతి. అక్కడ దానికి నోటు పుస్తకాలు మిగిలాయి, అందువల్ల ఈనాటికీ వాయిస్తున్నారు. ఇక్కడి మాటేమిటన్నదే ప్రశ్న.

రాగిరేకులు చెప్పే పాఠం

కీర్తనల పుస్తకంలో రాగం పేరు ఉంది. తాళం పేరు ఉంది. స్వరం మాత్రం లేదు. వరుస తెలిసిన మనిషి ఉన్నంత కాలమే ఆ పేరుకు అర్థం. ఆ మనిషి పోతే పుస్తకం మీద ‘ముఖారి’ అన్న మూడక్షరాలు మిగులుతాయి. పాట మిగలదు.

ఇది ఉత్త భయం కాదు. తిరుమలలో బయటపడ్డ రాగిరేకుల మీద అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు 12 వేలకు పైగా దొరికాయి. ప్రతి పాటకూ రాగం పేరు చెక్కి ఉంది. స్వరం చెక్కలేదు. ఆనాటి వరుసలు కాలంలో కలిసిపోయాయి. ఆ రేకుల సాహిత్యాన్ని పరిష్కరించి వెలుగులోకి తెచ్చిన పండితులలో వేటూరి ప్రభాకర శాస్త్రి (1888–1950) ఒకరు. ఆయనదీ పెదకళ్ళేపల్లే. తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ (1893–1979), బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి (1927–2014) వంటి పెద్దలు కొత్తగా వరుసలు కట్టబట్టి ఈనాడు ఆ పాటలు వింటున్నాం. మాట అన్నమయ్యది, వరుస వేరొకరిది.

రాగి మీద చెక్కిన పాటకే ఆ గతి పట్టినప్పుడు, కాగితం మీది పాట సంగతి చెప్పనక్కరలేదు.

ఉప్పెన, ఆ తర్వాత

దివిసీమకు ఇంకొక దెబ్బ కూడా తగిలింది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. ఇళ్ళు మళ్ళీ కట్టారు. చర్చిలు మళ్ళీ లేచాయి. పుస్తకాలు కొత్తవి కొనవచ్చు. ఆ ఊళ్ళలో పల్లవి ఎత్తుకునే పెద్దల గొంతులు మాత్రం తిరిగి రావు.

ఇప్పుడు మార్పు మరో వైపు నుంచి వస్తున్నది. హార్మోనియం స్థానంలో కీబోర్డు, డోలక్ స్థానంలో రిథమ్ ప్యాడ్ చేరుతున్నాయి. కుర్రవాళ్ళు ఉత్సాహంగా నేర్చుకుంటున్నారు. చర్చికి వచ్చే యువతను పాట వైపు తిప్పింది ఈ వాద్యాలేనన్న మాట కూడా కాదనలేము. కాని ఈ యంత్రాల్లో ముందే అమర్చి ఉంచిన నడకలు ఎక్కువగా నాలుగు, మూడు, ఆరు దెబ్బలవి. త్రిపుట తాళానికి ఏడక్షరాలు: మూడు, రెండు, రెండు. మిశ్రచాపుకూ ఏడే: మూడు, నాలుగు. ఏడు దెబ్బల పాటను నాలుగు దెబ్బల మీద కూర్చోబెట్టాలంటే ఒక అక్షరాన్ని సాగదీయాలి. పల్లవి రూపం అక్కడే మారిపోతుంది. పుస్తకం మీద ‘త్రిపుట’ అని ఉంటుంది, చర్చిలో ఆది తాళం మోగుతుంది.

గమకం సంగతి ఇంకా కష్టం. ముఖారికి, ఆనందభైరవికి ప్రాణం స్వరాన్ని ఊపే తీరులో ఉంది. మెట్లు నొక్కే వాద్యంలో ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారడం కుదరదు. ఈ కారణం చెప్పే 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. 1971 తర్వాత గాని ఆ నిబంధన సడలలేదు. ఆ లెక్కన చర్చి హార్మోనియం మీద కూడా నింద ఉంది. అయితే హార్మోనియం రోజుల్లో వాద్యం చిన్నది, గొంతు పెద్దది. సంఘం పాడితే పెట్టె దాని వెనక నడిచేది. స్పీకర్లు వచ్చాక వాద్యం పెద్దదయింది. సంఘం దాని వెనక నడుస్తున్నది. గొంతులో మిగిలి ఉన్న గమకం కూడా చదునవుతున్నది ఇక్కడే.

కొత్త పాటలు రావడం తప్పు కాదు. ప్రతి తరానికీ తన పాట ఉండాలి. పురుషోత్తమ చౌదరి కీర్తన కూడా ఒకనాడు కొత్త పాటే. పాతది పోగొట్టుకోకుండా కొత్తది చేర్చుకోవడం ఎలాగన్నదే ఆలోచించవలసిన విషయం.

చేయదగిన పని

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ప్రతి సంఘంలోనూ పాత వరుసలు తెలిసిన వృద్ధులు ఒకరిద్దరైనా ఉంటారు. వారిలో స్త్రీలే ఎక్కువ. వారి చేత పాడించి భద్రపరచడానికి ఈనాడు చేతిలో ఉన్న సెల్‌ఫోను చాలు. పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ ఆ పాటతోనే చెప్పిస్తే ముందు తరాలకు ఆధారం అవుతుంది. ఒకే కీర్తన బందరులో ఒక తీరున, లంకల్లో మరొక తీరున పాడితే రెండూ ఉంచుకోవలసిందే.

రెండవ పని స్వరపరచడం. విజయవాడ సంగీత కళాశాలలో చదివిన విద్వాంసులు ఈ ప్రాంతంలో ఉన్నారు. పాడిన వరుసను విని, స్వరం రాసి, తాళం గుర్తులు పెట్టడం వారికి కష్టం కాదు. పెదకళ్ళేపల్లి సంప్రదాయం పేరు చెప్పుకునేవారికి ఇది చేయదగిన పని. అరుగు మీది విద్య ఇన్నాళ్ళకు వాడ గుమ్మం తొక్కినట్లవుతుంది. వాడ నుంచి కూడా అరుగుకు దొరికేది ఉంది. యక్షగానాల నాటి పాత నడకలు ఏవైనా ఆ కీర్తనల్లో మిగిలి ఉంటే, అవి విద్వాంసులకు కూడా కొత్తే అవుతాయి.

మూడవది, పిల్లల చేత పాడించడం. చెన్నైలో డిసెంబరు సంగీతోత్సవాల్లో సాయంత్రం వేదిక పేరున్నవారిది, మధ్యాహ్నం వేదిక నేర్చుకుంటున్నవారిది. రేపటి విద్వాంసులు ఆ మధ్యాహ్నాల్లోనే తయారవుతారు. శ్రమదినాల్లో వచ్చే ఆరు ఆదివారాల్లో, ఆరాధన ముగిసిన తర్వాత, మధ్యాహ్నం ఒక గంట ఇటువంటి పాటకు కేటాయించవచ్చు. వారానికి ఒక రాగం, అందులో రెండు కీర్తనలు, తాళం వేసి చూపించే పెద్దవారు ఒకరు ఉంటే చాలు. మొదటి ఆదివారం ఆనందభైరవితో మొదలుపెడితే, గుడ్ ఫ్రైడే నాటికి పిల్లల నోట ఆరు రాగాలు ఉంటాయి. కీబోర్డు వాయించే కుర్రవాడినే కూర్చోబెట్టి ఏడక్షరాల నడక నేర్పితే, యంత్రం కూడా పాటకు లొంగుతుంది.

ఏటా గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మూడు గంటలకు చివరి మాట మీద ప్రసంగం ముగుస్తుంది. ఆఖరి కీర్తన పాడుతూ జనం లేస్తారు. ఆ కీర్తన పల్లవి ఎత్తుకునేది ఎప్పుడూ ఒక ముసలి గొంతే. ఆమె ఎత్తుకున్న తర్వాతే మిగతావారు కలుస్తారు. ఆమె పక్కన కూర్చున్న మనుమరాలు ఆ ఎత్తుగడ నేర్చుకుంటే, ఆ పాట మరో అరవై ఏళ్ళు బతుకుతుంది.